లెక్కలో తేడా వచ్చింది, కట్టమంటున్నారు: బ్యాంక్ మిత్రలు నన్ను అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో సీఎస్పీ పాయింట్లు (ఊళ్ళో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే, తీసుకునే చిన్న కౌంటర్లు) నడిపే బ్యాంక్ మిత్రలం ఎక్కడ కలిసినా ఈమధ్య ఇదే మాట. "అక్కా, కంపెనీవాళ్ళు షార్టేజీ అంటున్నారు, కట్టెయ్యాలా?" అని ఒకరు, "కాగితం మీద సంతకం అడుగుతున్నారు, పెడితే ఏటవుద్ది?" అని ఇంకొకరు. కంపెనీ అంటే బ్యాంకు తరఫున మనతో పాయింట్లు నడిపించే సంస్థ, షార్టేజీ అంటే లెక్కలో తక్కువ వచ్చిందంటున్న డబ్బు. విజయనగరం వైపు నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

నేను లాయర్‌ని కాదు. పలాస దగ్గర ఓ ఊళ్ళో 2014 నుంచి పాయింట్ నడుపుతున్నాను. డ్వాక్రా సంఘం నుంచి వచ్చినదాన్ని. ఒకసారి ఈ షార్టేజీ దెబ్బ తిన్నాను, ఆ కథ కింద చెప్తాను. ఆ తర్వాతే బ్రిటన్ పోస్టాఫీసు కేసు గురించి దొరికిందల్లా చదివాను. నేను చెప్పేది ఒక్కటే: తేడా ఎలా వచ్చిందో రికార్డు చూపించేదాకా డబ్బు కట్టకండి, సంతకం పెట్టకండి.

బ్రిటన్ పోస్టాఫీసు కేసు అంటావు కదా, అసలు అదేంటి?

అక్కడ ఊళ్ళలో ఉండే చిన్న పోస్టాఫీసులు చాలావాటిని పోస్టాఫీసు కంపెనీ సొంత ఉద్యోగులతో నడపదు. కాంట్రాక్టు మీద ఒకరికి అప్పజెప్తుంది. వాళ్ళని సబ్‌పోస్ట్‌మాస్టర్లు అంటారు. చాలామంది తమ కిరాణా కొట్లోనే ఓ పక్కన కౌంటర్ పెట్టుకుని పింఛన్లు ఇవ్వడం, స్టాంపులు అమ్మడం, బిల్లులు కట్టించుకోవడం చేస్తుంటారు. పెట్టుబడి వాళ్ళది, బోర్డు కంపెనీది. అచ్చం మనలాగే.

1999 నుంచి ఈ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ పెట్టారు. ఫుజిత్సు కంపెనీది. అది వచ్చినప్పటి నుంచి, ఏళ్ళ తరబడి లెక్క సరిగ్గా తేలుతున్న చోట్ల కూడా ఉన్నట్టుండి క్యాష్ తక్కువ చూపించడం మొదలైంది. ఒకరికి రెండు వేల పౌండ్లు, ఒకరికి పాతిక వేలు, ఒకరికి డెబ్భై నాలుగు వేలు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయి. పోస్టాఫీసు కంపెనీ మాత్రం సిస్టమ్ బాగానే ఉంది, డబ్బు మీరే తీశారు అంది. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దొంగతనం, మోసం, తప్పుడు లెక్కలు అన్న నేరాల కింద శిక్షలు పడ్డాయి. వాటిలో సుమారు 700 కేసులు పోస్టాఫీసు తనే పెట్టి, తనే దర్యాప్తు చేసి, తన లాయర్లతోనే కోర్టులో నడిపింది. అక్కడి చట్టంలో ఆ వీలు ఉంది. ఫిర్యాదు చేసేదీ, విచారించేదీ, కేసు వాదించేదీ ఒకే సంస్థ, పైగా పోయిందంటున్న డబ్బు కూడా తనదే. ఇది చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్క తేలకపోతే వాళ్ళని ఏం చేసేవారు?

మొదట హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయమనేవారు. చేస్తే, "ఇలాంటి సమస్య మీ ఒక్కరికే వచ్చింది" అనే జవాబు. తర్వాత సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఎంతోమంది ఇదే మాట చెప్పారు. వందల మందికి ఒకే ఇబ్బంది వస్తుంటే ప్రతి ఒక్కరికీ నువ్వు ఒక్కడివే అని చెప్పారన్నమాట.

జో హామిల్టన్ అనే ఆవిడ హాంప్‌షైర్‌లో ఓ చిన్న ఊళ్ళో కొట్టు నడిపేది. సిస్టమ్ రెండు వేల పౌండ్లు తక్కువ చూపించింది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి వాళ్ళు చెప్పిన బటన్లు చెప్పినట్టే నొక్కితే, తన కళ్ళముందే ఆ రెండు వేలు నాలుగు వేలయ్యాయి. అలా పెరిగి పెరిగి 36 వేల పౌండ్లకు చేరింది. ఆవిడ ఇల్లు తాకట్టు పెట్టింది.

లీ కాసిల్టన్ అనే ఆయన బ్రిడ్లింగ్టన్‌లో పోస్టాఫీసు నడిపాడు. హెల్ప్‌లైన్‌కి 91 సార్లు ఫోన్ చేశాడు. 25 వేల పౌండ్ల తేడా, కట్టనన్నాడు. కంపెనీ సివిల్ కోర్టుకి ఈడ్చింది. లాయర్ని పెట్టుకునే స్తోమత లేక తనే వాదించుకుని ఓడిపోయాడు. కంపెనీ కోర్టు ఖర్చుల కింద 3 లక్షల 21 వేల పౌండ్లు ఆయన మీద పడ్డాయి, దివాలా తీశాడు.

ఇంకొకరు సీమా మిశ్రా. మన దేశం నుంచి వెళ్ళినావిడే. 2010 నవంబరులో, గర్భంతో ఉన్నప్పుడు, పెద్దబ్బాయి పదో పుట్టినరోజు నాడు పదిహేను నెలల జైలు శిక్ష వేశారు. తర్వాత పదేళ్ళకు పైగా ఆ మచ్చతోనే బతికింది.

తప్పు చేయనివాళ్ళు తప్పు చేశామని ఎందుకు ఒప్పుకున్నారు?

ఇది అందరూ అడుగుతారు, అడగాల్సిందే. మన దగ్గర జరిగేది అర్థమవ్వాలంటే ఈ జవాబు తెలియాలి.

నెల లెక్క మూసేటప్పుడు సిస్టమ్ చూపించిన అంకెని ఒప్పుకుంటే తప్ప మర్నాడు కౌంటర్ నడవదు. తేడా ఉందని రాసి పక్కన పెట్టే వీలు లేదు. చేతిలో అంత డబ్బు లేదు. దాంతో చాలామంది క్యాష్ సరిపోయిందని కొట్టేసి, వచ్చే నెలకి ఎలాగోలా తేలుతుందిలే అనుకున్నారు. ఆ ఒక్క నొక్కుడే తర్వాత 'తప్పుడు లెక్కలు చూపించడం' అనే నేరమైంది. ఆడిటర్లు వచ్చాక కంపెనీ ముందు దొంగతనం కేసు పెట్టేది. ఆ తర్వాత ఒక బేరం: తప్పుడు లెక్కలు ఒప్పుకుని డబ్బు కట్టేస్తే దొంగతనం కేసు వదిలేస్తాం, జైలు తప్పుతుంది. జో హామిల్టన్ అలాగే ఒప్పుకుంది. హొరైజన్ మీద కోర్టులో నోరెత్తకూడదనేది కూడా ఆ బేరంలో భాగమే.

పిల్లలున్నవాళ్ళు ఏం చేస్తారు? ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక, చూశారా వాళ్ళే ఒప్పుకున్నారు అని దాన్నే తర్వాతివాళ్ళ మీద వాడతారు. మనకి ఐడీ (మెషీన్‌లో మన లాగిన్) బ్లాక్ చేస్తామని బెదిరించి 'నా వల్ల జరిగిన తేడా' అని రాయించుకునే కాగితం ఉంది చూశారా, అది ఇదే.

కంపెనీకి లోపం సంగతి తెలియదా?

తెలుసు. ఒక్కో లోపానికి పేర్లు కూడా ఉన్నాయి, కాలెండర్ స్క్వేర్ బగ్ అనీ డాల్‌మెల్లింగ్టన్ బగ్ అనీ, అవి బయటపడిన పోస్టాఫీసుల పేర్లతో. ఫుజిత్సువాళ్ళు తమ ఆఫీసులో కూర్చుని ఒక బ్రాంచి లెక్కల్లో, ఆ పోస్ట్‌మాస్టర్‌కి తెలియకుండా మార్పులు చేయగలిగేవారు. అలాంటిదేమీ కుదరదని పోస్టాఫీసు ఏళ్ళపాటు చెప్పుకొచ్చింది. కుదురుతుందని 2019లో జడ్జి తేల్చాడు.

2012లో ఎంపీల ఒత్తిడితో కంపెనీయే సెకండ్ సైట్ అనే బయటి సంస్థని విచారణకి పెట్టింది. వాళ్ళు 2013లో కొన్ని లోపాలున్నాయని రాశారు. ఆ ఏడాదే కంపెనీ కోసం పనిచేసే లాయరొకాయన, కోర్టుల్లో పోస్టాఫీసు తరఫున చెప్పిన సాంకేతిక సాక్ష్యం నమ్మదగ్గది కాదు అని లోపల హెచ్చరించాడు. అప్పటికే శిక్షలు పడినవాళ్ళకి ఆ సంగతి చెప్పలేదు. మధ్యవర్తిత్వం అని ఒక స్కీము పెట్టారు, అందులో క్రిమినల్ కేసుల్లో శిక్ష పడినవాళ్ళతో మాట్లాడటానికే ఒప్పుకోలేదు, 2015లో దాన్ని మూసేసి సెకండ్ సైట్‌ని కూడా పంపించేశారు. కంప్యూటర్ తప్పు చేయడం నాకు కోపం తెప్పించదు, యంత్రమన్నాక చేస్తుంది. తెలిసీ మనిషిని జైల్లో ఉంచడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మరి ఎలా బయటపడింది?

ఆలన్ బేట్స్ అనే ఆయన వల్ల. వేల్స్‌లో లాండడ్నో పట్నం దగ్గర పోస్టాఫీసు నడిపేవాడు. లెక్కలో తేడా వస్తే, ఎలా వచ్చిందో చూపించండి కడతాను అన్నాడు. చూపించలేదు, ఈయన కట్టలేదు. 2003లో కాంట్రాక్టు తీసేశారు. 2009లో ఒక కంప్యూటర్ పత్రిక ఏడుగురి కథలు వేసింది. అదే ఏడాది ఫెన్నీ కాంప్టన్ అనే ఊళ్ళో ఊరి హాల్లో మొదటి మీటింగ్ పెట్టుకున్నారు. అప్పటిదాకా నేను ఒక్కణ్ణే అనుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాత 555 మంది కలిసి కోర్టుకెళ్ళారు. జస్టిస్ ఫ్రేజర్ 2019లో రెండు పెద్ద తీర్పులు ఇచ్చాడు. కాంట్రాక్టు గురించి మార్చిలో, సిస్టమ్ లోపాల గురించి డిసెంబరులో. కాంట్రాక్టులో ఉన్నది ఏమిటంటే, పోస్ట్‌మాస్టర్ నిర్లక్ష్యం వల్లో పొరపాటు వల్లో వచ్చిన నష్టానికి అతను బాధ్యుడు అని. కంపెనీ దాన్ని, ఏ నష్టం వచ్చినా నీదే అని చదివింది. అలా కుదరదు అన్నాడు జడ్జి. మీ ఒప్పందం తీసి ఆ పేరా ఒకసారి చదవండి, మాటలు ఇంచుమించు అలాగే ఉంటాయి.

రాజీ కింద 5 కోట్ల 77 లక్షల పౌండ్లు వచ్చాయి గానీ కోర్టు ఖర్చులు పోగా వాళ్ళకి మిగిలింది కోటీ ఇరవై లక్షల చిల్లర. 555 మంది పంచుకోవాలి.

పాత శిక్షలు రద్దయ్యాయా? డబ్బు తిరిగొచ్చిందా?

2021 ఏప్రిల్ 23న అప్పీల్ కోర్టు ఒక్కరోజే 39 మంది శిక్షలు కొట్టేసింది. జో హామిల్టన్, సీమా మిశ్రా అందులో ఉన్నారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే అప్పీలుకి వెళ్ళాలంటే ఏళ్ళు పట్టేది. 2024 జనవరిలో ఈ కథ టీవీలో వచ్చి దేశమంతా మండిపడ్డాక, ఆ మే నెలలో పార్లమెంటు చట్టం చేసి ఇంగ్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లాండుల్లో ఆ శిక్షల్ని ఒక్క దెబ్బకి రద్దు చేసింది. స్కాట్లాండు తన చట్టం తను చేసుకుంది. శిక్ష రద్దయినవాళ్ళు లెక్కలన్నీ వాదించుకోవడం ఇష్టం లేకపోతే ఒకేసారి 6 లక్షల పౌండ్లు తీసుకోవచ్చు.

కానీ అప్పటికే చనిపోయినవాళ్ళు ఉన్నారు. సర్ విన్ విలియమ్స్ నడిపిన విచారణ మొదటి రిపోర్టు 2025 జులైలో వచ్చింది. ఈ గొడవ వల్ల కనీసం 13 మంది ఆత్మహత్య చేసుకుని ఉండొచ్చని అందులో ఉంది. మనవాళ్ళలో ఎవరైనా షార్టేజీ టెన్షన్‌తో మాట తగ్గించేసి, తిండి మానేసి కూర్చుంటే దయచేసి ఒంటరిగా వదలకండి, ఇంటికి వెళ్ళి కూర్చోండి.

సరే, అది లండన్. మన పాయింట్లో లెక్క ఎలా తప్పుద్ది?

మా పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు వలిచే ఆడవాళ్ళు వందల్లో ఉంటారు. జీడి నూనెకి వేళ్ళ చర్మం కాలిపోయి గీతలు అరిగిపోతాయి. ఉపాధి కూలి డబ్బు తీసుకుందామని వచ్చి వేలు పెడితే స్కానర్ తీసుకోదు. బొటనవేలు కాదు, చూపుడు వేలు. అదీ కాదు, ఎడమచెయ్యి. "ఏటి బాబూ, మళ్ళీ ఏలు ఎట్టమంటావేటి?" అని ఆవిడ విసుక్కుంటుంది, వెనక లైన్లో పదిమంది. నాలుగోసారికి ముద్ర పడుతుంది, తెర మీద చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, టైమ్ అవుట్. ఇప్పుడు డబ్బు ఖాతాలో కట్ అయ్యిందా లేదా?

ఇక్కడే ఉంది అంతా. ఒక లావాదేవీ నా మెషీన్ నుంచి కంపెనీ సర్వర్‌కి, అక్కడి నుంచి ఎన్‌పీసీఐకి (బ్యాంకుల మధ్య లావాదేవీలు నడిపే సంస్థ), అక్కడి నుంచి ఆవిడ బ్యాంకుకి వెళ్ళి మళ్ళీ అదే దారిలో వెనక్కి రావాలి. మధ్యలో ఎక్కడ తెగినా ఒకచోట 'అయ్యింది', ఇంకోచోట 'కాలేదు' అని ఉంటుంది. ఆవిడ ఖాతాలో కట్ అయ్యి నా దగ్గర ఫెయిల్ అని వస్తే ఆవిడ నష్టపోతుంది. నాకు సక్సెస్ స్లిప్ వచ్చి, నేను చేత్తో డబ్బులిచ్చి, నా సెటిల్‌మెంట్ ఖాతాలో (నేను చేత్తో ఇచ్చిన డబ్బు నాకు తిరిగి పడే ఖాతా) జమ పడకపోతే నేను నష్టపోతాను.

ఆవిడ సంగతికైతే ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో గడువు పెట్టింది. ఖాతాలో కట్ అయ్యి డబ్బు చేతికి రాకపోతే లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లో తిరిగి వేయాలి, దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. మీ దగ్గరకి వచ్చే ముసలమ్మలకి ఈ సంగతి చెప్పండి.

నీకేం జరిగింది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వజ్రపుకొత్తూరు, పలాస మీదే పడింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం, కరెంటు లేదు, టవర్లు లేవు. జనం చేతిలో రూపాయి లేదు. కొన్నాళ్ళకి సిగ్నల్ అంతంతమాత్రంగా వస్తుంటే జనరేటర్ పెట్టుకుని పాయింట్ తెరిచాను. సిగ్నల్ దొరికే గుమ్మం దగ్గరికి బల్ల లాక్కుని కూర్చున్నాను. సక్సెస్ అని స్లిప్ వస్తే డబ్బులిచ్చాను, రాకపోతే ఇవ్వలేదు.

నవంబరులో కంపెనీ నుంచి మెసేజ్: మీ పాయింట్లో 28,500 రూపాయలు షార్టేజీ. కోఆర్డినేటర్ వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, పైనుంచి ఒత్తిడి ఆయనకి. "మేడమ్, ముందు కట్టెయ్యండి, తర్వాత చూసుకుందాం. లేకపోతే ఐడీ ఆగిపోతుంది" అన్నాడు. నేను చెవిదిద్దులు తాకట్టు పెట్టి 14,000 కట్టేశాను. ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టాను, చదవకుండానే. మా ఆయన, మా అత్త నన్నేమీ అనలేదు గానీ వాళ్ళ మొహాల్లో ఒక ప్రశ్న కనబడేది, అది నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధ.

తర్వాత స్లిప్పుల డబ్బా దింపి కూర్చున్నాను. మూడు లావాదేవీలు, 9,500, 9,000, 10,000. మూడింటికీ స్లిప్పు సక్సెస్ అనే వచ్చింది, కంపెనీ పోర్టల్లో మాత్రం ఫెయిల్. రెండు స్లిప్పులు కనబడుతున్నాయి. మూడోది తెల్లగా అయిపోయింది, వేడికి ఆ కాగితం మీద అక్షరం నిలవదు. ఆ మూడో ఆవిడ ఇంటికి వెళ్ళి బతిమాలి, లింక్ బ్రాంచికి (మా పాయింట్‌ని చూసుకునే బ్యాంకు శాఖ) తీసుకెళ్ళి పాస్‌బుక్ ప్రింట్ చేయించాను. ఆ పేజీలో ఉంది, అదే తారీఖు, పది వేలు డెబిట్, పక్కన పన్నెండంకెల ఆర్‌ఆర్‌ఎన్ నంబర్, అంటే ఆ లావాదేవీ గుర్తు నంబర్. మిగతా ఇద్దరివీ చేయించాను. నాలుగు నెలల తర్వాత ఒప్పుకున్నారు, కట్టిన 14,000 వెనక్కి వచ్చింది, సారీ అన్న ఒక్క మాట రాలేదు. నేను చదవకుండా సంతకం పెట్టిన ఆ కాగితం తిరిగి ఇవ్వమంటే ఇవ్వలేదు కూడా.

ముందు కట్టెయ్యండి అంటే ఏం చెప్పాలి?

నోటితో చెప్పకండి, మెయిల్ పెట్టండి, లేదా రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తెలుగులో రాసినా చాలు. ఏ తారీఖు, ఏ లావాదేవీ, ఏ ఆర్‌ఆర్‌ఎన్ వల్ల తేడా వచ్చిందో వివరం ఇవ్వండి, సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ ఇవ్వండి, అది సరిచూసుకుని నా పొరపాటు ఉంటే కడతాను అని. కట్టక తప్పని పరిస్థితి అయితే, అభ్యంతరంతోనే కడుతున్నాను, తప్పు ఒప్పుకుని కాదు అని రాసి కట్టండి. ఆ ఒక్క వాక్యం నేను రాయలేదు.

కంపెనీకి సెక్యూరిటీ కింద ఖాళీ చెక్కు ఇచ్చేశాను అక్కా, ఇప్పుడెలా?

భయం నిజమే, దాచను. సంతకం చేసి ఇచ్చిన చెక్కు మీద వేరేవాళ్ళు అంకె రాసుకున్నా, ఇచ్చినవాడిదే బాధ్యత అని చట్టం ముందుగా అనుకుంటుంది. సుప్రీంకోర్టు 2019లో అదే చెప్పింది. కానీ అంత బాకీ లేదని మనం రుజువు చేసుకోవచ్చు. అందుకే, ఫలానా నంబరు చెక్కు సెక్యూరిటీ కింద మాత్రమే ఇచ్చాను, ఈ రోజుకి నేను ఒప్పుకున్న బాకీ ఏమీ లేదు అని ఇప్పుడే రాసి పంపండి. చెక్కు బౌన్స్ అయితే వాళ్ళు ముప్పై రోజుల్లో నోటీసు ఇవ్వాలి, మీకు పదిహేను రోజుల గడువు ఉంటుంది. నోటీసు రాగానే బీరువాలో పడేయకండి. జవాబు ఇవ్వకపోవడం వల్లే చాలామంది మునిగారు.

పోలీసు కేసు పెడతామంటున్నారు, పెట్టగలరా?

ఫిర్యాదు ఇవ్వగలరు. బ్రిటన్‌లోలా కంపెనీయే దర్యాప్తు చేసి శిక్ష వేయించడం ఇక్కడ కుదరదు, దర్యాప్తు పోలీసులది. సాధారణంగా నమ్మకద్రోహం, మోసం సెక్షన్లు పెడతారు, భారతీయ న్యాయ సంహితలో 316, 318. నమ్మకద్రోహంలో ఏజెంట్లకి వర్తించే ఉపసెక్షన్ చాలా గట్టిది, పదేళ్ళు, యావజ్జీవం దాకా ఉంది. కాబట్టి స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఊరి పెద్దమనిషిని వెంటేసుకుని వెళ్ళి ఏదో ఒకటి రాసి ఇచ్చి రావడం కాదు, ముందు లాయర్ దగ్గరకి వెళ్ళండి. ముందస్తు బెయిల్ అనేది ఇలాంటప్పటికే ఉంది.

లాయర్‌కి డబ్బు లేదంటారా, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ నంబర్ 15100. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. ఎస్సీ, ఎస్టీలకీ అంతే. మన పాయింట్లు నడిపేవాళ్ళలో సగంమంది ఆడవాళ్ళమే కనబడతాం, ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

కంప్యూటర్ కాగితం చూపిస్తే కోర్టు నమ్మేస్తుందా?

ఇంగ్లాండులో 1984 చట్టం ప్రకారం, కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని చూపిస్తేనే దాని కాగితం సాక్ష్యం అయ్యేది. ఆ నిబంధనని 1999లో చేసిన చట్టంతో తీసేశారు. ఆ తర్వాత మెషీన్ సరిగ్గానే ఉందని అనుకోవడం, కాదని నిరూపించే భారం పోస్ట్‌మాస్టర్ మీద పడటం. ఆ మెషీన్ లోపలి రికార్డు మొత్తం అవతలివాళ్ళ దగ్గరే ఉన్నప్పుడు ఎలా నిరూపిస్తాడు?

మన దగ్గర ఆ విషయంలో కాస్త నయం. కంప్యూటర్ కాగితాల గురించి పాత సాక్ష్య చట్టంలో 65బీ సెక్షన్ ఉండేది, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 63వ సెక్షన్. ప్రింటు కాగితం ఊరికే ఇస్తే చాలదు, సర్టిఫికెట్ ఉండాలి. కొత్త చట్టంలో ఆ సర్టిఫికెట్ రెండు భాగాలు, ఒకటి ఆ కంప్యూటర్ చూసుకునేవాళ్ళది, ఇంకొకటి నిపుణుడిది. మీ లాయర్‌తో దీని గురించి తప్పకుండా అడిగించండి, కేవలం ఎక్సెల్ షీటు ఒకటి పెట్టి ఇంత షార్టేజీ అంటే సరిపోదు. అయితే సర్టిఫికెట్ ఉంది కాబట్టి లెక్క కరెక్టే అని కూడా కాదు, ఆ కాగితం ఆ మెషీన్ నుంచి వచ్చిందని, మెషీన్ సరిగ్గానే పనిచేసిందని వాళ్ళు రాసివ్వడమే అది.

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉంది, ఆ మనిషిని కంపెనీయే పెడుతుందట?

తమ ఇష్టం వచ్చిన ఒక్కణ్ణే కంపెనీ ఏకపక్షంగా ఆర్బిట్రేటర్‌గా పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అభ్యంతరం మొదటే రాతపూర్వకంగా చెప్పాలి. ఎక్కడో ఢిల్లీలోనో ముంబైలోనో పెట్టారని వెళ్ళకుండా ఊరుకుంటే మనం లేకుండానే తీర్పు వచ్చేస్తుంది.

ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) రాయొచ్చా?

ఖాతాదారు రాయొచ్చు. మీరు కంపెనీతో, బ్యాంకుతో ఉన్న ఒప్పందం గొడవ మీద రాస్తే తీసుకోరు, ఔట్‌సోర్సింగ్ కాంట్రాక్టు తగాదాలు ఆ స్కీము పరిధిలో లేవు. అయితే కట్ అయిన డబ్బు రాని ఖాతాదారు చేత ఫిర్యాదు చేయిస్తే, ఆ లావాదేవీ ఏమైందో బ్యాంకు కాగితం మీద చెప్పాల్సి వస్తుంది. అది మీకూ పనికొస్తుంది.

మేము పోస్టాఫీసు బీపీఎంలం (బ్రాంచి పోస్ట్‌మాస్టర్లం), మాకూ ఇంతేనా?

మీ దారి వేరు. మీది డిపార్ట్‌మెంటు, పుట్ ఆఫ్ డ్యూటీ (విచారణ తేలేదాకా పనిలోంచి పక్కన పెట్టడం), విచారణ అన్నీ రూల్స్ ప్రకారం జరగాలి. మీలాంటి వాళ్ళది సివిల్ పోస్టే, విచారణ లేకుండా తీసేయకూడదు అని సుప్రీంకోర్టు 1977లో రాజమ్మ కేసులో చెప్పింది. ఛార్జిషీటుతో పాటు వాళ్ళు ఆధారపడే కాగితాలన్నీ అడిగి తీసుకోండి. అన్యాయం జరిగితే హైదరాబాద్‌లో క్యాట్ (కేంద్ర ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్) ఉంది.

నిజంగా తినేసినవాళ్ళు లేరా?

ఉన్నారు. చదువు రాని ముసలివాళ్ళ చేత రెండుసార్లు వేలు వేయించి ఒకసారి డబ్బే ఇచ్చినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ మీద కేసు పెట్టాల్సిందే, వాళ్ళ వల్లే మన అందరి మీదా అనుమానం. నేను రికార్డు అడగమనేది దొంగని కాపాడటానికి కాదు. లావాదేవీ లావాదేవీగా చూస్తే తిన్నవాడూ దొరుకుతాడు, తిననివాడూ తేలతాడు. మొత్తం అంకె ఒకటి చెప్పి కట్టమంటే ఇద్దరూ ఒకటే అయిపోతారు.

కంపెనీలు ఏం చేస్తే బావుంటుంది అంటావు?

తేడా వచ్చిన రోజే మనకి కనబడాలి, నెల తర్వాత కాదు. తేడా మీద గొడవ ఉంది అని నొక్కే బటన్ ఒకటి ఉండాలి, అది నొక్కితే తేలేదాకా డబ్బు పట్టుకోకూడదు, ఐడీ ఆపకూడదు. విచారించే మనిషి వసూలు చేసే మనిషి కాకూడదు. ఒకే వారంలో ఒకే సర్వర్ మీద ఎన్ని పాయింట్లకి ఇలాంటి తేడా వచ్చిందో అడిగితే చెప్పాలి. పాత కేసుల్లో తర్వాత లోపం బయటపడితే, కట్టించుకున్నవాళ్ళకి వాళ్ళే ఫోన్ చేసి తిరిగివ్వాలి, మనం కాళ్ళరిగేలా తిరగకూడదు. మీటింగులకి పిలిచినప్పుడల్లా నేను ఇదే అడుగుతున్నాను. మీరూ అడగండి.

రోజూ ఏం రాసుకుంటున్నావు?

ఒక పెద్ద రూళ్ళ నోటుబుక్కు. పొద్దున్న తెరిచేటప్పుడు క్యాష్ ఎంత, ఏ నోట్లు ఎన్ని, సెటిల్‌మెంట్ ఖాతాలో ఎంత. ప్రతి లావాదేవీకి టైము, పేరు, మొత్తం, ఆర్‌ఆర్‌ఎన్ నంబరులో చివరి ఆరంకెలు. టైమ్ అవుట్ అయినది ఎర్ర పెన్నుతో. ఖాతాదారు సంతకం, లేకపోతే వేలిముద్ర. కరెంటు పోయిన టైము, నెట్ పోయిన టైము కూడా రాస్తాను. సాయంత్రం మూసే ముందు ఆ రోజు స్లిప్పులన్నీ బల్ల మీద వరసగా పరిచి ఫోన్‌తో ఫోటో తీసి మా అబ్బాయికి కూడా పంపిస్తాను, నా ఫోన్ పోయినా వాడి దగ్గర ఉంటాయి. తేడా రూపాయి ఉన్నా ఆ రాత్రే కంపెనీకి మెయిల్ పెడతాను. పాతిక నిమిషాలు పడుతుంది. తెల్లగా అయిపోయిన ఆ పదివేల స్లిప్పుని నోటుబుక్కు మొదటి పేజీలో అంటించి ఉంచాను.